ఎర్ర చుక్క ఎన్నాళ్ళు నిలుస్తుంది

ముందుగా పోయినవాటిని లెక్క పెడతాను. ఒక ఉక్కు తాడు. అంచు పగిలిన లేడిల్ కుండ ఒకటి. ఫౌండ్రీ షెడ్డులో తొమ్మిది గంటల పని. ఒక ఖలాసీ ఎడమ కాలి గోళ్ళు రెండు. మా డిస్పెన్సరీలో సిలికా పూసిన గాజు పలకలు ఇరవై మూడు, సాల్వెంటు సీసాలు రెండు. డాక్టరు గారికీ నాకూ మధ్య నాలుగు రోజుల మాటలు. చివరగా, రెండేళ్ళుగా నాకున్న ఒక గట్టి నమ్మకం. ఈ ఆఖరిది పోయినందుకు మాత్రం నాకు విచారం లేదు.

ఇవన్నీ ఎనభై రెండు వేసవిలో, ఒకే మనిషి మూత్రం చుట్టూ పోయాయి. మూత్రం అనగానే ముఖం చిట్లించే పిల్లలు ఈ పనికి రావద్దు. నా ఉద్యోగంలో సగం అదే.

ఉత్తరాదిన గమ్హరియాలో, ఇనుము పోతపోసే ఒక ఫౌండ్రీకి ఉన్న చిన్న డిస్పెన్సరీలో నేను ల్యాబు టెక్నీషియన్‌ని. సీసాలు కడిగే పనికి చేరాను. మెట్రిక్కు దాటి చదవలేదు. డాక్టర్ల పాత పుస్తకాలు అడిగి తెచ్చుకుని, అర్థం కానిచోట అంకెలు పట్టుకుని, అంకెల నుంచి మాటలకు వచ్చి పని నేర్చుకున్నాను. పోయినేడు యాభై మూడేళ్ళకే డిస్పెన్సరీ మూసేసి నన్ను ఇంటికి పంపారు. బాధేమీ లేదు. బిష్టుపూర్‌లో ఇప్పుడు డిప్లమాలు పట్టుకుని ల్యాబుల్లో చేరుతున్న మన తెలుగు పిల్లలు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

గాజు పలక

షెడ్డులో ప్రమాదం జరిగితే, ఆ సమయంలో యంత్రం మీదున్న మనిషి మూత్రం పట్టి సారా, గంజాయి ఉన్నాయేమో చూడాలని ఎనభైలో మా కంపెనీ ఒక నియమం పెట్టింది. గంజాయి చూసే పద్ధతిని మా డాక్టరు గారు కలకత్తాలో ఒక మిత్రుడి దగ్గర చూసి వచ్చి నాకు నేర్పారు. ఆయన బెంగాలీ. మంచి వైద్యుడు, హస్తవాసి ఉన్నవాడు. తప్పు చూపిస్తే ఆయనకు కోపం వచ్చేది, లెక్క చూపిస్తే కోపం ఆగేది. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

పద్ధతి చెప్పడం తేలిక, చేయడమే సగం రోజు. మూత్రంలో క్షారం వేసి వేడి చేయాలి. చల్లార్చి ఆమ్లం వేసి, సాల్వెంటుతో గిలక్కొట్టాలి. పైకి తేలినదాన్ని ఆరబెడితే అడుగున మిగిలే మడ్డిని తెల్లటి సిలికా పూసిన గాజు పలక మీద చుక్కగా పెట్టి, పలక అంచును ద్రవంలో నిలబెట్టాలి. ద్రవం పలక మీదికి పాకిన తర్వాత మందు చల్లాలి. గంజాయి తాగినవాడి వరసలో ఎర్ర చుక్క లేస్తుంది.

ఆ చుక్కను తప్పించుకోవడానికి జనం పడే పాట్లు చూడాలి. నిమ్మరసం, మజ్జిగ, బెల్లం పానకం అన్నీ తాగి వచ్చేవారు. వాటివల్ల చుక్కకు ఏమీ కాదు. ఎవరైనా బిందెడు నీళ్ళు తాగి వస్తే మాత్రం చుక్క పాలిపోతుంది. అందుకే నేను ముందు యూరినోమీటరు వేసేవాణ్ణి. అది గాజు బుడ్డి, మూత్రంలో తేలుతుంది. మూత్రం ఎంత చిక్కనైతే అంత పైకి లేస్తుంది. ఒట్టి నీళ్ళకు వెయ్యి చూపిస్తుంది, చిక్కటి మూత్రానికి వెయ్యీ ముప్పై.

ఒకసారి ఇసుక అచ్చులు చేసే మోల్డరు ఒకడు కుళాయి నీళ్ళు పట్టి తెచ్చాడు. బుడ్డి సరిగ్గా వెయ్యి దగ్గర నిలిచింది.

“ఒరే, ఇది నీదా, కుళాయిదా?”

“నాదే బాబూ. నాను నీల్లు ఎక్కువ తాగుతాను.”

“ఎంత తాగినా ఇంత చల్లగా రాదురా, సీసా పట్టుకుని చూడు.”

వాడు సీసా పట్టుకుని చూశాడు. “ఒలమ్మో, నిజమే” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. వాడికి మరో సీసా ఇచ్చాను.

ఇక నా గట్టి నమ్మకం సంగతి. గంజాయి మూత్రంలో మూడు రోజులుంటుంది, ఆ తర్వాత పోతుంది. డాక్టరు గారి మిత్రుడు డాక్టరు గారికి చెప్పాడు, డాక్టరు గారు నాకు చెప్పారు, నేను అడిగినవాళ్ళందరికీ చెప్పాను. “తీన్ దిన్, బస్” అనేవారు ఆయన, మూడు వేళ్ళు చూపించి. మూడు అన్న అంకె ఎవరి దగ్గర, ఎలా లెక్కపెడితే వచ్చిందని నేను అడగలేదు. అంకెల మనిషినని పేరు పెట్టుకుని నేను చేసిన మొదటి తప్పు ఇది.

క్రేను మీది మనిషి

మే నెలలో ఒక మధ్యాహ్నం, కరిగిన ఇనుము మోసే లేడిల్ కుండను ఖాళీగా తీసుకెళుతున్న క్రేను దాన్ని ఆపాల్సిన చోట ఆపలేకపోయింది. కుండ వెళ్ళి స్తంభానికి కొట్టుకుంది. తాడు తెగింది, కుండ కింద పడింది. ఒక ఖలాసీ కాలి వేళ్ళు నలిగాయి. కుండ నిండుగా ఉండి ఉంటే నేను ఇప్పుడు ఇంత నెమ్మదిగా రాయగలిగేవాణ్ణి కాదు.

క్రేను నడిపినవాడు అప్పలస్వామి. మాది పాలకొండ వైపు, అతనిది చీపురుపల్లి. ఏడేళ్ళు నేల మీద ఖలాసీగా క్రేనుకు బరువులు కట్టి, ఆ తర్వాతే క్రేను కుర్చీ ఎక్కాడు. ఎక్కాక కూడా నాలుగేళ్ళు ఒక్క గీత పడకుండా నడిపాడు. గంజాయి తాగుతాడని మాత్రం అందరికీ తెలుసు. డ్యూటీలో కాదు, ఇంటికి వెళ్ళాక. రోజుకు నాలుగైదు చిలుములు, పదేళ్ళుగా.

సీసా ఇస్తూ, “బాబూ, మానీసి పన్నెండ్రోజులైంది. దీన్లో ఏటీ ఉండదు, సూడండి” అన్నాడు.

పలక మీద మందు చల్లాను. నేను అప్పటిదాకా చూసిన చుక్కల్లో అంత ముదురు ఎరుపు మరొకటి లేదు.

మేనేజరు ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగాడు. “ఎప్పుడు తాగి ఉంటాడు?” డాక్టరు గారు నా వైపు చూశారు. నేను, “మూడు రోజుల లోపు. చుక్క ఇంత ముదురుగా ఉందంటే బహుశా ఈ రోజే” అన్నాను. ఆ మాట ఎవరూ నన్ను బలవంతపెట్టి చెప్పించింది కాదు. నోటికి వచ్చింది, చెప్పేశాను.

అప్పలస్వామిని సస్పెండు చేశారు. విచారణ నెల తర్వాత. అతని కుర్చీలో మరొకణ్ణి కూర్చోబెట్టి అదే సాయంత్రం కొత్త తాడు వేసి క్రేను నడిపించారు. విచారణలో ఏమవుతుందో అందరికీ తెలుసు. ఉద్యోగం పోతుంది. గంజాయి తాగి లేడిల్ పడేశాడన్న పేరు తగిలించుకున్నవాణ్ణి ఈ చుట్టుపక్కల ఏ కంపెనీ క్రేను ఎక్కనివ్వదు.

గోడ మీద గీతలు

ప్రమాదం జరిగిన మూడు రోజులకు, పొద్దున్నే అతని భార్య పైడమ్మ డిస్పెన్సరీకి వచ్చింది. నన్ను చూసి అరుగు కిందనే ఆగిపోయింది.

“సూర్నారాయణన్నయ్యా, ఈ మూత్రాల కతేటి? ఆడు తాగనేదు.”

“తాగలేదని నువ్వెలా చెప్పగలవమ్మా?”

“ఎలగేటి? గీతలు గీసినాను కదా. రా, సూసుకో.”

వాళ్ళ ఇల్లు కంపెనీ గేటుకు పావుమైలు. వెళ్ళాను. వంటింటి గోడ మీద పాలవాడి లెక్క బొగ్గు గీతల్లో ఉంది. దాని పక్కనే మరో వరస.

“ఇయ్యి పాలవోడివి. ఇయ్యి నా మొగుడివి” అంది. “కింద నలబై మంది తిరుగుతంటే మీద కూకుంతావు, మత్తు మానకపోతే నీకు కూడు వొండనని సెప్పినాను. మూడు పూటలు వొండనేదు కూడాను. అప్పుడు దిగొచ్చినాడు. ఆరోజు కాణ్ణుంచి రోజుకో గీత.”

లెక్క పెట్టాను. పదిహేను. ప్రమాదం జరిగిన రోజుకు పన్నెండు. పాలవాడి వరసతో పోల్చి చూశాను, ఒక్క రోజు కూడా తేడా రాలేదు. ఆమెకు అక్షరం రాదు. నేను చూసిన రిజిస్టర్లలో అంత శుభ్రమైనవి తక్కువ.

అప్పలస్వామి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. “మీ గాజు పలక నిజమా, మా ఆవిడ గోడ నిజమా బాబూ?” అన్నాడు. కోపంగా కాదు. తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

అతని చేత మరో సీసా పట్టించి తెచ్చాను. చుక్క వచ్చింది, కానీ బాగా పలచగా. మూడు రోజుల్లో అంత తేడా ఏమిటని పాత కాగితం తీశాను. ప్రమాదం రోజున బుడ్డి చూపించిన అంకె నా చేతిరాతలోనే ఉంది. వెయ్యీ ముప్పై రెండు. ఇవాళ్టిది వెయ్యీ పది.

అప్పుడు తట్టింది. క్రేను గది నేలకు నలభై అడుగుల పైన, కొలిమి సెగకు ఎదురుగా ఉంటుంది. కిందికి దిగాలంటే బదులు మనిషి రావాలి, నిచ్చెన దిగాలి. అందుకని క్రేను వాళ్ళు డ్యూటీ మొత్తం నీళ్ళు తాగరు. తాగితే దిగాల్సి వస్తుంది. మే నెలలో, ఆ సెగలో, ఆరు గంటలు నీళ్ళు ముట్టని మనిషి మూత్రం చింతపండు పులుసులా చిక్కబడుతుంది. అందులో ఏమున్నా ముదురుగానే కనిపిస్తుంది. నేను ముదురు చుక్కను చూసి ఇవాళే తాగాడన్నాను. నిజానికి అది చెప్పింది ఇవాళ నీళ్ళు తాగలేదని. అంకె నా కాగితం మీదే ఉంది. కుళాయి నీళ్ళవాణ్ణి పట్టుకోవడానికి వాడిన బుడ్డిని, దానికి రెండో వైపు కూడా ఉందని తెలియక వాడాను.

తాళం

ఇదంతా డాక్టరు గారికి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

“చుక్క పలచబడింది, సరే. కానీ ఉంది కదా? పదిహేను రోజుల కిందట మానినవాడికి ఎందుకుంటుంది? సస్పెండయి ఇంట్లో కూర్చున్నాడు, నిన్న తాగాడు. ఇంతే.”

ఆ మాట తప్పని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పలస్వామికి అదే చెప్పాను. అతను, “అయితే నన్నీడే కట్టీండి బాబూ. ఎన్నాల్లయితే అన్నాల్లు” అన్నాడు.

మా డిస్పెన్సరీలో నాలుగు మంచాల గది ఒకటి ఉండేది. పదహారో గీత సాయంత్రం అతన్ని అందులో పెట్టి తాళం వేశాం. పొద్దున్నే నా ఎదుట సీసా. అన్నం పైడమ్మ తెచ్చేది, నేను విప్పి చూసి లోపలికి ఇచ్చేవాణ్ణి. ముందు రోజు తాగినా, మూడు రోజుల లెక్క ప్రకారం నాలుగో పొద్దుటికి చుక్క పోవాలి.

నాలుగో పొద్దున చుక్క ఉంది.

డాక్టరు గారు గది అంతా వెతికారు. పరుపు కింద చూశారు, అప్పలస్వామి జేబులు చూశారు. తర్వాత పైడమ్మ టిఫిన్ క్యారియరు వైపు చూశారు.

“డాక్టరు బాబూ, వంకాయ కూరలో గంజాయి ఏత్తే నాకు తెలీదేటి? నానే తింతన్నాను కదా అది” అంది పైడమ్మ. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి అన్నం క్యాంటీను నుంచి తెప్పించారు. తాళం చెవి తన జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళారు. “ఇవాళ సున్నా. ఇక్కడి నుంచి నేను లెక్క పెడతాను” అన్నారు. అంటే నన్ను కూడా అనుమానించినట్టే. నేను మాట్లాడటం మానేశాను. ఆయనా మానేశారు. మా మధ్య పోయిన నాలుగు రోజుల మాటలు ఇవే.

రోజూ ఆయనే తాళం తీసేవారు. సీసా ఆయన చేత్తోనే తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు. నేను బుడ్డి వేసి అంకె రాసేవాణ్ణి, పలక చేసేవాణ్ణి. మొదటి రోజు చుక్క. రెండో రోజు చుక్క. మూడు. నాలుగు. రోజురోజుకూ పలచబడుతోంది, కానీ ఉంది.

ఆయన తాళానికి అయిదో రోజు, పైడమ్మ లెక్కలో ఇరవై అయిదో గీత. పలక మీద లేత గులాబీ చుక్క. డాక్టరు గారు దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“సూర్యనారాయణ్, చెవి నా జేబులోనే ఉంది” అన్నారు.

“అవును సార్.”

“మరి మూడు రోజులని ఎవరు చెప్పారు?”

“మీరే సార్.”

“నువ్వెందుకు నమ్మావు?”

ఆయన పక్కుమని నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. లోపలి నుంచి అప్పలస్వామి, “ఏటి, పోనాదేటి సుక్క?” అని అరిచాడు.

“ఇంకా పోలేదోయ్. పోకపోవడమే నీకు మంచిది” అన్నాను.

మర్నాడు చుక్క ఉందో లేదో చెప్పలేనట్టు ఉంది. తర్వాత మూడు రోజులు ఏమీ లేదు. తాళం తీసేశాం.

డాక్టరు గారు మేనేజరుకు రాసిన ఉత్తరం నాలుగే వాక్యాలు. ఈ పరీక్ష మనిషి గంజాయి తాగాడని చెబుతుంది. ఎప్పుడు తాగాడో చెప్పదు. ప్రమాదం వేళ మత్తులో ఉన్నాడో లేదో అసలు చెప్పదు. గతంలో నేను చెప్పిన మూడు రోజుల మాట తప్పు. ఆఖరి వాక్యం రాయడానికి ఒక పై అధికారికి ఎంత మనసు కావాలో ఉద్యోగం చేసినవాళ్ళకు తెలుస్తుంది.

ఉత్తరం అందాక గానీ ఎవరికీ క్రేను విప్పి చూడాలని తోచలేదు. విప్పితే బ్రేకు లైనింగు ఒక వైపు పూర్తిగా అరిగి ఉంది. అంటే రెండు వారాలకు పైగా అరిగిన బ్రేకు మీద, మరో మనిషి చేతిలో, నిండు కుండలు ఆ నలభై మంది నెత్తి మీదుగా తిరిగాయి. కారణం దొరికిందనుకుంటే ఇక ఎవరూ వెతకరు. ఆ వెతుకులాటను ఆపింది నా ఎర్ర చుక్క.

అప్పలస్వామి ముప్పయ్యో గీత నాడు మళ్ళీ కుర్చీ ఎక్కాడు.

పిల్లలకు

ఆ తర్వాత, ఒప్పుకున్నవాళ్ళను వరసగా చూస్తూ వచ్చి నేను తెలుసుకున్నది ఇది. ఎప్పుడో పండక్కి ఒకసారి తాగినవాడికి మూడు నాలుగు రోజుల్లో పోతుంది. కలకత్తా మిత్రుడు చూసింది అలాంటివాణ్ణే అయి ఉంటాడు. వారానికి కొన్నిసార్లు తాగేవాడికి వారం దాకా, రోజూ తాగేవాడికి రెండు వారాలు, అంతకన్నా ఎక్కువే. ఏళ్ళ తరబడి రోజంతా తాగినవాడికి నెల దాటినా ఆశ్చర్యపోను. మత్తు పూటలో దిగిపోతుంది. దాని తాలూకు పదార్థం ఒంటి కొవ్వులో దాక్కుని, కొంచెం కొంచెంగా బయటికి వస్తూ ఉంటుంది. ఒకరి కొవ్వు ఒకరిలా ఉండదు, ఒకరి నీళ్ళు ఒకరిలా ఉండవు. మీ చేతికి ఇప్పుడు మంచి యంత్రాలు వస్తున్నాయి, అవి ఇంకా తక్కువను కూడా పట్టుకుంటాయి. అంటే రోజులు పెరుగుతాయే గానీ తగ్గవు.

గంజాయి తాగి క్రేను ఎక్కడం తప్పు కాదని నేను అనడం లేదు. పైడమ్మ వంట మానేసి మంచి పని చేసింది. నేను చెప్పేది, చుక్కను చుక్కగా రాయండి. పక్కన నీళ్ళ అంకె రాయండి. “ఎప్పుడు” అని ఎవరైనా ఫోనులో అడిగితే, “తెలియదు” అనండి. ఆ మాట అనగలిగాక నాకు ఉద్యోగం హాయిగా సాగింది. నిద్ర బాగా పట్టింది.

రిజిస్టరు

కుర్చీ ఎక్కిన వారానికి అప్పలస్వామి నా గదికి వచ్చాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడాడు. లేవబోతూ ఆగాడు.

“నా యవ్వారం తేలిపోనాది బాబూ. నాకంటే ముందు ఎందరికి సెప్పినారు, మూడ్రోజులని?”

అతను వెళ్ళాక రిజిస్టరు తీశాను. రెండేళ్ళలో, అతన్ని మినహాయిస్తే, ఎర్ర చుక్కలు పద్నాలుగు. అందులో ఎనిమిది మంది ఆ రోజో ముందు రోజో తాగామని తామే ఒప్పుకున్నారు. ఆరుగురు ఎప్పుడో మానేశామన్నారు. ఆరుగురినీ అబద్ధాలకోరులన్నాం. ఆరుగురికీ పని పోయింది.

జాబితా డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన ఆరు ఉత్తరాలు రాసి సంతకం పెట్టి నాకిచ్చారు. సెలవు రోజుల్లో సైకిలు మీద తిరిగాను. ముందు ఇద్దరు దొరికారు, వాళ్ళను మా కంపెనీ తిరిగి తీసుకుంది. మూడో అతను ఆదిత్యపూర్‌లో అంతకన్నా మంచి పనిలో ఉన్నాడు. ఉత్తరం చదివించుకుని, భార్యను పిలిచి, “విన్నావేటి? నాను అబద్దం సెప్పనేదని కాయితం మీద రాసున్నాది” అన్నాడు. నాలుగో అతను సాక్చి బజారులో పళ్ళ బండి పెట్టుకున్నాడు. తిరిగి రానన్నాడు. ఉత్తరం మాత్రం మడిచి జేబులో పెట్టుకుని, నాకు రెండు జామకాయలు ఇచ్చాడు.

మిగిలిన ఇద్దరూ కాంట్రాక్టు కూలీలు. కాంట్రాక్టరు పుస్తకంలో ఒకరి పేరు బుధు, ఒకరి పేరు రాములు. ఊరు రాయలేదు. వాళ్ళతో పని చేసినవాళ్ళను అడిగాను. ఒకడు ఒడిశా వైపు వెళ్ళాడన్నారు, రెండోవాడి సంగతి ఎవరికీ తెలియదు. ఆ రెండు ఉత్తరాలూ నా దగ్గరే ఉన్నాయి, కాగితం పసుపు రంగుకు తిరిగింది. డిస్పెన్సరీ మూసేటప్పుడు అన్నీ అప్పగించాను గానీ వీటిని అప్పగించలేదు.

పద్నాలుగులో ఎనిమిది తీసేస్తే ఆరు. ఆరులో నాలుగు తీసేస్తే, ఈ రోజుకీ, ఇద్దరు.